పెన్‌డ్రైవ్‌కి ఒకటి, యూట్యూబ్‌కి ఒకటి, ఎల్ఈడీ స్క్రీన్‌కి ఇంకొకటి: పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ ఎలా ఎంచుకోవాలి

ఎడిటింగ్ సిస్టమ్‌లో చూస్తే అంతా బాగుంటుంది. అదే ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి పెళ్లివారింటి టీవీకి పెడితే తలంబ్రాలు పోసుకునే చోట బియ్యం గింజలన్నీ కలిసిపోయి బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది. అమెరికాలో ఉన్న ఆడపడుచుకి లింకు పంపితే "పాట వినిపిస్తోంది, బొమ్మ రావట్లేదు" అంటుంది. రిసెప్షన్‌లో ఎల్ఈడీ స్క్రీన్ మీద వేస్తే పేర్లు చదవడానికి రావు. ఈ మూడింట్లోనూ ఎడిటింగ్ తప్పేమీ లేదు. మూడు చోట్లకీ ఒకటే ఫైలు ఇవ్వడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి.

ఎక్స్‌పోర్ట్ విండో తెరవగానే కనిపించే ఇరవై ముప్పై ఆప్షన్ల గురించి కంగారు పడనక్కర్లేదు. ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఈ ఫైలు ఎక్కడ ఆడుతుంది? ఈ వీడియో మొత్తంలో అన్నిటికన్నా కష్టమైన షాట్ ఏది? మొదటిదాన్ని బట్టి కోడెక్ (వీడియోను కుదించి రాసే పద్ధతి) తేలుతుంది, రెండోదాన్ని బట్టి బిట్‌రేట్ (ఒక్కో సెకను బొమ్మకి ఎంత డేటా వాడాలన్న లెక్క) తేలుతుంది. మిగతా సెట్టింగులు ఈ రెండింటి వెనకే వస్తాయి.

కోనసీమ బొమ్మకి బిట్లు ఎక్కువ కావాలి

మనం వాడే కోడెక్‌లు, హెచ్.264 గానీ హెచ్.265 గానీ, ప్రతి ఫ్రేమునీ పూర్తిగా దాచుకోవు. ఒక ఫ్రేమును పూర్తిగా రాసుకుని, ఆ తర్వాత వచ్చేవాటిలో "ఈ ముక్క నాలుగు పిక్సెళ్లు కుడికి జరిగింది, ఆ ముక్క ఉన్నచోటే ఉంది" అని మార్పులు మాత్రమే రాసుకుంటాయి. గోడ ముందు కూర్చుని మాట్లాడే మనిషి అయితే మార్పులు కొద్దిగానే ఉంటాయి, తక్కువ బిట్లలో పని జరిగిపోతుంది.

మన దగ్గర తీసే బొమ్మ అలా ఉండదు. కొబ్బరాకు గాలికి ఊగుతుంటే ప్రతి ఈనె ఒక్కో దిక్కుకి కదులుతుంది. కాలవ నీళ్ల మీద ఎండ మెరుపు ఒక ఫ్రేములో ఉన్నచోట రెండో ఫ్రేములో ఉండదు. తోటల మీద డ్రోన్ ఎగిరితే వేల చెట్ల మొవ్వలు ఒకేసారి జరుగుతాయి. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభల్ని (దేవుణ్ని నిలిపి భుజాల మీద మోసే ఎత్తైన అలంకారాల్ని) కౌశిక కాలవ దాటించే షాట్ తీసుకోండి. చిల్లే నీళ్లు, పచ్చని చేలు, ప్రభ మీద ఊగే రంగు గుడ్డలు, దాన్ని మోస్తున్న జనం అన్నీ ఒకే ఫ్రేములో ఉంటాయి. ముందు ఫ్రేము నుంచి అరువు తెచ్చుకోవడానికి కోడెక్‌కి ఏమీ దొరకదు, అన్నీ కొత్తగా రాసుకోవాలి. బిట్లు చాలకపోతే చిన్న వివరాలన్నీ చెరిపేసి ముద్దముద్దగా చూపిస్తుంది.

వీటన్నిటికన్నా కష్టమైనది తలంబ్రాల ఘట్టం. వందల గింజలు ఒక్కోటీ ఒక్కో దారిలో పడుతుంటాయి. పైన థర్మోకోల్ పూసలు, పూల రేకులు. అదే సమయంలో ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కొడతాడు. ఫ్లాష్ పడిన ఆ ఒక్క ఫ్రేములో మొత్తం వెలుతురు మారిపోతుంది కాబట్టి కోడెక్ అంచనాలన్నీ ఒకేసారి తప్పుతాయి. వెంటనే వచ్చే రెండు మూడు ఫ్రేముల్లో పెళ్లికూతురి చీర అంచు, పట్టు జరీ మసకబారి మళ్లీ తేరుకుంటాయి. టీవీలో పాజ్ కొట్టి ఒక్కో ఫ్రేమూ జరిపితే ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో వచ్చే రెడీమేడ్ ప్రీసెట్లు ఇలాంటి షాట్లను లెక్కలో పెట్టుకుని చేసినవి కావు. అందుకే మూడు గంటల పెళ్లి మొత్తం రెండర్ పెట్టేముందు కష్టమైన 30 సెకన్లకు ఇన్, అవుట్ పాయింట్లు పెట్టండి. దాన్ని 10, 16, 24 ఎంబీపీఎస్‌లలో (సెకనుకి మెగాబిట్లు) మూడు సార్లు తీసి, ఆ మూడూ టీవీలో పెట్టి కుర్చీలో కూర్చునే దూరం నుంచి చూడండి. గింజలు గింజల్లా కనిపించే వాటిలో అతి తక్కువ అంకె ఏదో అదే మీ బిట్‌రేట్. 16 ఎంబీపీఎస్‌లో 30 సెకన్లంటే 60 ఎంబీ, కొద్ది నిమిషాల పని. కంప్యూటర్ మానిటర్‌కి ఒక అడుగు దూరంలో కూర్చుని నిర్ణయించకండి, అక్కడ అన్నీ లోపాల్లాగే కనిపిస్తాయి.

సైజు లెక్క సులభం. బిట్‌రేట్‌ను 0.45తో గుణిస్తే గంటకు ఎన్ని జీబీలో వస్తుంది. 10 ఎంబీపీఎస్ అయితే గంటకు 4.5 జీబీ, 16 అయితే 7.2, 24 అయితే 10.8, 45 అయితే 20.25. ఈ లెక్క చేతిలో ఉంటే రెండర్ అయ్యాక "పెన్‌డ్రైవ్‌లో పట్టలేదు" అనే మాట రాదు.

1080పీ, 25 ఫ్రేములు, హెచ్.264 అనుకుంటే మొదలుపెట్టడానికి ఈ అంకెలు పనికొస్తాయి. మంటపంలో స్థిరంగా పెట్టిన కెమెరాతో తీసిన వ్రతం, గృహప్రవేశం లాంటివాటికి 10 నుంచి 12. పూర్తి పెళ్లికి టార్గెట్ (సగటు) 16, మాగ్జిమమ్ 30. ప్రభల తీర్థం, అంతర్వేది రథోత్సవం, పాపికొండల బోటు ప్రయాణం లాంటి జనమూ నీళ్లూ ఉన్నవాటికి 20 నుంచి 24. 4కే అయితే హెచ్.264లో 45 నుంచి 60, హెచ్.265లో 25 నుంచి 35.

సీబీఆర్, వీబీఆర్, క్వాలిటీ మోడ్

సీబీఆర్ (కాన్‌స్టంట్ బిట్‌రేట్)లో ప్రతి సెకనుకీ ఒకే కొలత. లైవ్ స్ట్రీమింగ్‌కి అది మేలు, పెన్‌డ్రైవ్‌కి దండగ. పురోహితుడు మంత్రం చదివే నిశ్చలమైన షాట్‌కీ తలంబ్రాలకీ ఒకటే కోటా ఇస్తుంది. వీబీఆర్ (వేరియబుల్ బిట్‌రేట్) అయితే అక్కడ మిగిల్చి ఇక్కడ ఖర్చుపెడుతుంది. 2 పాస్ పెడితే వీడియోను ముందు ఒకసారి చూసి కష్టమైన చోట్లు గుర్తుపెట్టుకుని రెండోసారి రాస్తుంది. సమయం దాదాపు రెట్టింపు పడుతుంది. రాత్రి పెట్టి పొద్దున్న చూసుకునే పనైతే 2 పాస్ పెట్టండి, ముహూర్తాల సీజన్‌లో అర్జెంటు డెలివరీ అయితే 1 పాస్ పెట్టి టార్గెట్‌ని 3, 4 ఎంబీపీఎస్ పెంచండి.

హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్, సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్ మధ్య ఎంపిక కూడా ఇలాంటిదే. గ్రాఫిక్స్ కార్డు చాలా వేగంగా చేస్తుంది, అదే నాణ్యతకి కొంచెం ఎక్కువ బిట్‌రేట్ అడుగుతుంది. 16, 20 ఎంబీపీఎస్ దాటాక ఆ తేడా టీవీలో పట్టుకోవడం కష్టం. 6 ఎంబీపీఎస్ లోపు చిన్న ఫైలు చేస్తున్నప్పుడు మాత్రం సాఫ్ట్‌వేర్‌నే వాడండి, అక్కడ తేడా కళ్లకు కనిపిస్తుంది. ప్రీమియర్‌లో వీబీఆర్ 2 పాస్ ఎంచుకుంటే హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ ఉండదన్నది గుర్తుంచుకోండి.

వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో ఉండే కాన్‌స్టంట్ క్వాలిటీ పద్ధతిలో బిట్‌రేట్ మనం చెప్పం, నాణ్యత చెబుతాం. 1080పీకి ఆర్ఎఫ్ అనే నాణ్యత అంకె 20 నుంచి 24, 4కేకి 22 నుంచి 28 మధ్య పెట్టాలి. అంకె తగ్గితే నాణ్యత పెరుగుతుంది. నాణ్యతకి ఇది అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. కానీ సైజు ఎంతొస్తుందో ముందు తెలియదు. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో సరిగ్గా పట్టాలన్నప్పుడు వీబీఆర్ మేలు.

కోడెక్: హెచ్.264నా, హెచ్.265నా

ఎవరింట్లో ఏ టీవీ ఉందో తెలియనప్పుడు హెచ్.264. 2003లో వచ్చింది, దాన్ని ఆడించని టీవీ గానీ ఫోను గానీ ఇవాళ దాదాపు లేదు. హెచ్.265 2013లో వచ్చింది. అదే నాణ్యతని మూడో వంతు నుంచి సగం దాకా తక్కువ సైజులో ఇస్తుంది కాబట్టి 4కేకి బాగా పనికొస్తుంది. 4కే టీవీలు సాధారణంగా దాన్ని ఆడిస్తాయి, పాత ఫుల్ హెచ్‌డీ టీవీల్లో చాలావాటికి అది అర్థం కాదు. విండోస్ కంప్యూటర్లలో కూడా హెచ్.265కి కావాల్సిన ఎక్స్‌టెన్షన్ లేకపోతే ప్లేయర్‌లో ఆడియో మాత్రమే వస్తుంది. "పాట వినిపిస్తోంది, బొమ్మ రావట్లేదు" అనే ఫిర్యాదుకి మూలం తరచూ ఇదే. వీఎల్‌సీ ప్లేయర్ వేసుకోమంటే తీరిపోతుంది. కానీ ఆ మాట పెద్దవాళ్లకి ఫోన్‌లో చెప్పి చేయించడం కన్నా హెచ్.264లో ఇంకో ఫైలు ఇవ్వడం తేలిక.

ఏవీ1 2018లో వచ్చింది, యూట్యూబ్ లోపల వాడుతుంది. చేతికిచ్చే ఫైళ్లకి ఇంకా తొందరపడొద్దు.

ఇందులో ఎక్కువమంది పడే గుంట ప్రొఫైల్, అంటే కోడెక్‌లో ఏ రకం వాడాలన్న సెట్టింగు. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావి 4:2:2 10 బిట్‌లో (రంగు వివరాలు ఎక్కువ దాచుకునే పద్ధతిలో) తీస్తాయి, ఎడిటింగ్‌కి అది మంచిదే. కానీ ఎక్స్‌పోర్ట్ కూడా 10 బిట్ హెచ్.264లో జరిగితే కంప్యూటర్‌లో హాయిగా ఆడే ఫైలుని టీవీ "ఫార్మాట్ సపోర్ట్ చేయదు" అని తిప్పికొడుతుంది. టీవీకి వెళ్లే హెచ్.264 ఫైల్లో ప్రొఫైల్ హై, 8 బిట్, 4:2:0 ఉండాలి. లెవెల్ (బొమ్మ సైజుకీ ఫ్రేముల వేగానికీ హద్దు) 1080పీ 25కి 4.1, 1080పీ 50కి 4.2, 4కే 25కి 5.1.

పెన్‌డ్రైవ్‌లో టీవీకి

ఇక్కడ చాలా ఇబ్బందులు పెన్‌డ్రైవ్ ఫార్మాట్ వల్ల వస్తాయి. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌లో, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఆ బాధ లేదు గానీ ఎక్స్‌ఫ్యాట్‌ని పాత టీవీలు కొన్ని చదవవు. అందుకని పెళ్లిని ముక్కలుగా తీయడం అన్ని విధాలా మేలు. 16 ఎంబీపీఎస్‌లో 4 జీబీ హద్దు 35 నిమిషాల దగ్గర వస్తుంది. ప్రతి ముక్కా 30 నిమిషాల లోపు ఉండేలా చూసుకుంటే ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో కూడా కూర్చుంటుంది.

ముక్కలు నిమిషాల లెక్కన కోయకండి. స్నాతకం, గౌరీపూజ, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు అని ఘట్టాల వారీగా చేసి, ఫైలు పేర్ల ముందు 01, 02, 03 అని వేయండి. టీవీ ఆ వరుసలోనే చూపిస్తుంది. ఫైలు పేరు తెలుగులో పెడితే కొన్ని టీవీల్లో డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుంది కాబట్టి పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచండి. నాయనమ్మకి అప్పగింతలు మాత్రమే మళ్లీ చూడాలనిపిస్తే రెండు గంటలు ముందుకు జరుపుకోనక్కర్లేదు, ఆ ఫైలు నొక్కితే చాలు. మూడు గంటల పెళ్లి ఈ లెక్కన 22 జీబీ అవుతుంది, 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో చోటు మిగులుతుంది.

యూట్యూబ్‌కి

మీరిచ్చిన ఫైలుని యూట్యూబ్ ఉన్నదున్నట్టు చూపించదు, మళ్లీ తనే ఎన్‌కోడ్ చేస్తుంది. అందుకే అక్కడికి వెళ్లేది కాస్త బలంగా ఉండాలి. యూట్యూబ్ స్వయంగా సిఫారసు చేసేది 1080పీ 24-30 ఫ్రేములకు 8 ఎంబీపీఎస్, 50-60 ఫ్రేములకు 12. 4కేకి 24-30 ఫ్రేముల దగ్గర 35 నుంచి 45. వీటిని కనీసం అనుకోండి. మన పచ్చదనానికి 1080పీలో 16 దాకా వెళ్లడం నష్టమేమీ కాదు.

1080పీలో అప్‌లోడ్ చేస్తే చిన్న చానెళ్లకు తరచూ పాత హెచ్.264 రూపమే వస్తుంది. 1440పీ, అంతకు పైన పెడితే మెరుగైన కోడెక్, వీపీ9 గానీ ఏవీ1 గానీ వస్తుంది. కాబట్టి 1080పీ టైమ్‌లైన్‌నే 4కేకి పెంచి ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టినా కొబ్బరాకులు ముద్దకట్టడం తగ్గుతుంది. కొత్త వివరాలేమీ పుట్టుకురావు, యూట్యూబ్ ఇచ్చే బిట్ల కోటా పెరుగుతుంది, అంతే.

దీనికి అడ్డొచ్చేది నెట్. ఫైలు బిట్‌రేట్, అప్‌లోడ్ స్పీడ్ రెండూ సమానమైతే వీడియో నిడివి ఎంతో అప్‌లోడ్‌కీ అంతే సమయం పడుతుంది. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న ఊళ్లో 20 నిమిషాల వీడియో 16 ఎంబీపీఎస్‌లో ఉంటే 32 నిమిషాలు, అదే 4కే 45 ఎంబీపీఎస్‌లో ఉంటే గంటన్నర. డౌన్‌లోడ్ స్పీడ్ చూసి లెక్కవేయకండి, చాలా ప్లాన్లలో అప్‌లోడ్ దానికన్నా తక్కువే.

ఎల్ఈడీ స్క్రీన్‌కి

ఫంక్షన్ హాల్లో స్క్రీన్ పెద్దది కాబట్టి 4కే కావాలనుకుంటారు. లెక్క తిరగబడి ఉంటుంది. అద్దెకు దొరికే పీ3.91 రకంలో (పిక్సెల్‌కీ పిక్సెల్‌కీ 3.91 మిల్లీమీటర్ల దూరం) 500 మిల్లీమీటర్ల చదరపు క్యాబినెట్‌కి 128 × 128 పిక్సెళ్లు. అడ్డంగా 6, నిలువుగా 4 క్యాబినెట్లు పేర్చితే 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు వస్తుంది. దాని మీద ఉన్న పిక్సెళ్లు మాత్రం 768 × 512. చేతిలో ఫోను కన్నా తక్కువ. మీరు 1080పీ వీడియోలో 40 పిక్సెళ్ల ఎత్తులో రాసిన పేరు అక్కడ 19 పిక్సెళ్లకి కుంగిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలైతే ఎలాగో చదవొచ్చు. "శ్రీలక్ష్మి"లో క్రావడి, గుడులు, ఒత్తులు అంత చోటులో ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. స్క్రీన్ కోసం చేసే ఫైల్లో తెలుగు పేర్లు కనీసం 80, 90 పిక్సెళ్ల ఎత్తులో, సన్నగీతలు లేని లావు ఫాంటులో ఉండాలి.

ఇంకోటి, 768 × 512 అంటే 3:2. 16:9 వీడియోను ఆపరేటర్ అందులో నిండుగా సాగదీస్తే మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు. ముందుగానే ఆపరేటర్‌ని అడిగి ఎన్ని క్యాబినెట్లో, మొత్తం పిక్సెళ్లెన్నో కనుక్కోండి. 3:2 అయితే సీక్వెన్స్ 1620 × 1080లో చేసి, హెచ్.264, 15 ఎంబీపీఎస్‌లో ఇవ్వండి. బొమ్మ కొంచెం ముదురుగా ఉన్నా పరవాలేదు, ఆ స్క్రీన్ల వెలుతురుకి తెల్లచొక్కాలు, పంచెలు మెరిసిపోతాయి కాబట్టి హైలైట్లు కాస్త తగ్గించండి.

ఫోన్లకి

వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది, హెచ్‌డీ నొక్కినా కొంత పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే 2 జీబీ దాకా ఉన్నదున్నట్టు వెళ్తుంది. రెండు నిమిషాల టీజర్ 1280 × 720, 4 ఎంబీపీఎస్‌లో చేస్తే 60 ఎంబీ, బంధువుల గ్రూపులో ఎవరికీ భారం కాదు. రీల్స్‌కి 1080 × 1920, 30 ఫ్రేములు, 10 నుంచి 12 ఎంబీపీఎస్. గూగుల్ డ్రైవ్ లింకు పంపితే అక్కడే ప్లే చేయకుండా డౌన్‌లోడ్ చేసుకోమని చెప్పండి, డ్రైవ్ ప్రివ్యూలో బొమ్మ మసకగా రావచ్చు.

ఫ్రేము రేటు: 25 గానీ 30 గానీ, కలగలుపు వద్దు

మన కరెంటు 50 హెర్ట్జ్. 25 లేదా 50 ఫ్రేముల్లో, షట్టర్ 1/50 లేదా 1/100లో తీస్తే మంటపం లైట్ల మిణుకు రాదు. అందువల్ల పెళ్లికి 25 సరైన ఎంపిక. ఫోన్లు మామూలుగా 30లో తీస్తాయి. చుట్టాల ఫోన్ క్లిప్పు 25 టైమ్‌లైన్‌లో వేస్తే సెకనుకి ఐదు ఫ్రేములు రాలిపోయి నడక తడబడినట్టు కనిపిస్తుంది. చిన్న క్లిప్పయితే ఫర్వాలేదు, పొడుగ్గా ఉంటే ఆప్టికల్ ఫ్లో (మధ్య ఫ్రేముల్ని లెక్కగట్టి తయారుచేసే పద్ధతి) వాడండి. ఫోను వీడియోల్లో ఫ్రేము రేటు మధ్యలో మారుతుంటుంది కూడా. దానివల్ల మాటా పెదవీ విడిపోతాయి. అలాంటివాటిని హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ పెట్టి మార్చుకుని ఆ తర్వాతే టైమ్‌లైన్‌లోకి తీసుకోండి.

ఎక్స్‌పోర్ట్‌లో ఫ్రేము రేటు ఎప్పుడూ టైమ్‌లైన్‌దే ఉండాలి. 25లో ఎడిట్ చేసింది 50 చేస్తే నునుపు రాదు, సైజు మాత్రం పెరుగుతుంది.

సాఫ్ట్‌వేర్లలో ఎక్కడ ఏం నొక్కాలి

ప్రీమియర్ ప్రోలో కంట్రోల్ ఎమ్ నొక్కి ఫార్మాట్ హెచ్.264 పెట్టండి. మ్యాచ్ సోర్స్ ప్రీసెట్ నుంచి మొదలుపెట్టినా ఫ్రేము రేటు, ఫీల్డ్ ఆర్డర్ ప్రోగ్రెసివ్, ప్రొఫైల్ హై అన్నవి కళ్లతో చూసి నిర్ధారించుకోండి. యూజ్ ప్రివ్యూస్ టిక్ తీసేయండి. ఎడిటింగ్ వేగం కోసం చేసిన నాసిరకం ప్రివ్యూ ఫైళ్లనే తెచ్చి ఫైనల్‌లో అతికిస్తుంది, మధ్యమధ్యలో కొన్ని షాట్లు మాత్రమే మసకగా ఉండడానికి కారణం అదే. మాగ్జిమమ్ రెండర్ క్వాలిటీ 4కే ఫుటేజీని 1080పీకి తగ్గించేటప్పుడు పనికొచ్చేది. గ్రాఫిక్స్ కార్డు మీద రెండర్ అవుతుంటే దానివల్ల వచ్చే తేడా దాదాపు ఉండదు.

డావిన్సీ రిజాల్వ్‌లో ముందే జాగ్రత్త పడాల్సింది ప్రాజెక్టు ఫ్రేము రేటు. క్లిప్పులు వేశాక అది మారదు కాబట్టి మొదటే 25 పెట్టండి. డెలివర్ పేజీలో ఫార్మాట్ ఎంపీ4, కోడెక్ హెచ్.264, క్వాలిటీ దగ్గర ఆటోమేటిక్ వదిలేసి రెస్ట్రిక్ట్ టు ఎంచుకోండి. అక్కడ అంకె కిలోబిట్లలో ఉంటుంది, 16 కావాలంటే 16000 కొట్టాలి. అడ్వాన్స్‌డ్‌లో డేటా లెవెల్స్ ఆటోలోనే ఉంచండి. ఫుల్ పెడితే టీవీలో జుట్టు, నల్ల కోట్లు అన్నీ ఒకే నలుపు మడుగైపోతాయి. ఉచిత వెర్షన్ 3840 × 2160, 60 ఫ్రేముల దాకా ఇస్తుంది, పెళ్లి పనికి అది ఎక్కువే.

ఎడియస్ వాడేవాళ్లు ఎఫ్11 నొక్కితే ప్రింట్ టు ఫైల్ తెరుచుకుంటుంది. ఇక్కడ పెద్ద ప్రమాదం అలవాటుగా వాడే 1920 × 1080 50ఐ ప్రాజెక్టు ప్రీసెట్. 50ఐ అంటే ఇంటర్‌లేస్డ్, బొమ్మని గీత విడిచి గీతగా రెండు సగాలు చేసి రాసే పద్ధతి. టీవీ దాన్ని సర్దుకుని చూపిస్తుంది, ఫోన్‌లోనూ యూట్యూబ్‌లోనూ చెయ్యి కదిలినప్పుడల్లా అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతాయి. ప్రాజెక్టునే 25పీ లేదా 50పీలో మొదలుపెట్టండి. కాలేజీ మిత్రుడో ఇంకో స్టూడియోనో ఇచ్చిన 50ఐ ఫుటేజీ ఉంటే ముందు డీఇంటర్‌లేస్ చేయండి. ఎక్స్‌పోర్ట్ అయ్యాక సరిచేయడం కష్టం.

ఫోన్‌లో కైన్‌మాస్టర్, వీఎన్ లాంటివి వాడితే బిట్‌రేట్ స్లైడర్ ఉంటుంది. దాన్ని కుడివైపుకి జరపడం తప్ప పెద్దగా చేయగలిగింది లేదు. రీల్స్‌కి అది చాలు.

పొగమంచు, హారతి, గట్టిమేళం

ధనుర్మాసం పొద్దున్న చేల మీద మంచు, పుష్కర ఘాట్‌లో గోదావరి హారతి వెనక చీకటి ఆకాశం. వీటిలో ఒక రంగు ఇంకో రంగులోకి మెల్లగా కలుస్తుంది. 8 బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి కాబట్టి ఆ కలయిక మెట్లుమెట్లుగా చారలు తేలుతుంది. బిట్‌రేట్ ఎంత పెంచినా పూర్తిగా పోదు. ఆ షాట్ మీద చాలా సన్నని గ్రెయిన్ వేయండి, చారలు విరిగిపోతాయి. గ్రెయిన్ వేసిన చోట బిట్లు ఎక్కువ తింటుంది కాబట్టి వీడియో అంతటా వేయకండి.

ఐఫోన్‌లో హెచ్‌డీఆర్‌గా తీసిన క్లిప్పు మామూలు టైమ్‌లైన్‌లో వెలిసిపోయి తెల్లగా కనిపిస్తే టోన్ మ్యాపింగ్ ఆన్ చేసి రెక్.709కి (మామూలు హెచ్‌డీ టీవీ రంగుల ప్రమాణానికి) తెచ్చుకోవాలి. ఎక్స్‌పోర్ట్ కలర్ కూడా రెక్.709 మాత్రమే ఉంచండి.

ఆడియో ఏఏసీ, 48 కిలోహెర్ట్జ్, 320 కేబీపీఎస్. సన్నాయి, డోలు కలిసి గట్టిమేళం వాయించే చోట శబ్దం ఒక్కసారిగా లేస్తుంది. టైమ్‌లైన్‌లో సున్నాకి తగిలీ తగలకుండా ఉన్నా ఏఏసీగా మారేటప్పుడు శిఖరాలు కొంచెం పెరిగి చిర్రుమంటుంది. మాస్టర్ ట్రాక్ మీద లిమిటర్ పెట్టి ట్రూ పీక్ మైనస్ 1 డీబీ దగ్గర ఆపండి. యూట్యూబ్ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినిపించే గట్టితనం కొలత) కన్నా గట్టిగా ఉన్నదాన్ని తగ్గించేస్తుంది, కాబట్టి అంతకుమించి బాదడం వల్ల లాభం లేదు.

మాస్టర్ ఒకటి తీసి పెట్టుకోండి

ఐదు చోట్లకి ఐదు ఫైళ్లంటే ఐదుసార్లు టైమ్‌లైన్ రెండర్ చేయనక్కర్లేదు. ముందు ఒక మాస్టర్ (నాణ్యత దాదాపు పోకుండా తీసే పెద్ద ఫైలు) తీయండి. ప్రోరెస్ 422, డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్, ఎడియస్‌లో అయితే గ్రాస్ వ్యాలీ హెచ్‌క్యూఎక్స్. ప్రోరెస్ 422 1080పీ 25కి సుమారు 122 ఎంబీపీఎస్, అంటే గంటకు 55 జీబీ. పెద్దదే, కానీ దాని నుంచి మీడియా ఎన్‌కోడర్‌లో గానీ హ్యాండ్‌బ్రేక్‌లో గానీ మిగతావన్నీ గబగబా వస్తాయి. కలర్ గ్రేడింగ్, ఎఫెక్టుల బరువు మళ్లీ మళ్లీ మోయక్కర్లేదు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లలో తీసేది పన్నెండేళ్ల తర్వాత మళ్లీ తీసి వాడాలంటే 8 ఎంబీపీఎస్ ఎంపీ4 సరిపోదు, మాస్టర్ ఉండాలి, అదీ రెండు వేర్వేరు డిస్కుల్లో.

రెండర్ మధ్యలో కరెంటు పోతే ఎంపీ4 ఫైలు మొత్తం పనికిరాకుండా పోవచ్చు. ఫైలు ఎలా చదవాలో చెప్పే సూచిక అందులో చిట్టచివర రాస్తారు, అది రాయకముందే ఆగిపోతే లోపల ఉన్న గంటల బొమ్మ తెరుచుకోదు. ఘట్టాల వారీగా ముక్కలు తీయడం ఇక్కడ కూడా కాపాడుతుంది, పోతే ఆ ఒక్క ముక్కే పోతుంది. ఒకటే ఫైలుగా కావాలన్నవాళ్లకి ఆ ముక్కల్ని లాస్‌లెస్‌కట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా అతికించొచ్చు. అందుకు ముక్కలన్నిటి సెట్టింగులూ అచ్చం ఒకేలా ఉండాలి.

డెలివరీకి ముందు ఫైలుని మీడియాఇన్ఫోలో (ఫైలు సెట్టింగులు చూపించే సాఫ్ట్‌వేర్) తెరవండి. ఫార్మాట్ ప్రొఫైల్ హై, బిట్ డెప్త్ 8, క్రోమా 4:2:0, ఫ్రేమ్‌రేట్ మోడ్ కాన్‌స్టంట్, స్కాన్ టైప్ ప్రోగ్రెసివ్. ఈ ఐదూ సరిగా ఉంటే మొదటి నిమిషం, తలంబ్రాలు, చివరి నిమిషం మూడూ టీవీలో ఆడించి చూసి ఇవ్వండి. చివరి నిమిషం తప్పకుండా చూడాలి. డిస్కు నిండిపోవడం వల్ల తోక తెగిన ఫైళ్లు మొదట్లో చూస్తే దొరకవు. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అయ్యాక ఎజెక్ట్ నొక్కి, కంప్యూటర్ తీయొచ్చు అన్నాకే తీయండి.